అక్షహృదయము – యంత్రహృదయము

జూదమును మన పెద్దలు సప్తవ్యసనములలో నొకటిగా గణించిరి. అయినను జూదమునందలి గణితమును వారు వ్యసనముగా నెంచక విద్యగా నెంచిరి. నన్నయభట్టారకుని ఆరణ్యపర్వము చదివినవారికి నలోపాఖ్యానము సుపరిచితమే. పుష్కరునితో జూదమాడి రాజ్యమును గోల్పోయిన నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణునికడ సారథిగా నుండెను. దారిలో ఋతుపర్ణుడు తాండ్రచెట్టును చూచినంతమాత్రమున దాని ఆకులను, కాయలను లెక్కించి చెప్పెను. నలుడు రథమును నిలిపి, ఆ లెక్క సరియైనదో కాదో స్వయముగా పరీక్షించి, పిమ్మట తన అశ్వహృదయమునకు బదులుగా అక్షహృదయమును గ్రహించెను. కలి యతనిని వీడినది అప్పుడే. ఈ కథను చెప్పిన బృహదశ్వమహర్షి ధర్మరాజునకును ఆ విద్యనే యుపదేశించెను. జూదమున నష్టపడినవానికి మహర్షి యిచ్చిన ఔషధము లెక్కయేకాని శాపము కాదని మనము గమనింపవలెను.

నేడు ఆ అక్షహృదయము యంత్రరూపమున బజారున అమ్ముడుపోవుచున్నది. దానిని సాల్వరు అందురు. పోకరు అను పేకాటలో ఏ ముక్కలు చేతనుండగా, ఎంత సొమ్ము బల్లపై నుండగా, నూటికి ఎన్నిసార్లు పందెమును పెంచవలెనో, ఎన్నిసార్లు చేయి వదలవలెనో గణనయంత్రము ఈ సాధనముచే లెక్కగట్టి చెప్పును. 2015 నుండి ఇట్టి సాధనములు ఇంటి కంప్యూటరుపై నడచునంత సులభమైనవి. పట్టణములందలి విద్యావంతులైన యువకులనేకులు వీనిముందు గంటలతరబడి కూర్చుండుచున్నారు. ఇది విద్యయా, వ్యసనమా? దీనివలన లాభమెవరికి, నష్టమెవరికి? సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతములవంటి చోట్ల ఈ ప్రశ్న వట్టి వాదవినోదము కాదు. ఒకవైపు కందిలో ఐ.ఐ.టి. హైదరాబాదువారి విద్యాలయము, మరియొకవైపు పాశమైలారము, బొల్లారముల కర్మాగారములు. విద్యయు, కష్టార్జితమును ఒకే రహదారి ప్రక్కన నివసించుచున్న తావు ఇది.

ఈ శాస్త్రము పుట్టుక నూరేండ్లనాటిది. ఫ్రాన్సుదేశపు గణితవేత్త ఎమిల్ బోరెల్ 1921లో దీనికి నాంది పలికెను. హంగేరీలో జన్మించిన జాన్ ఫాన్ నాయ్‌మన్ 1928లో మూలసిద్ధాంతమును నిరూపించెను. 1944లో ఆర్థికశాస్త్రజ్ఞుడైన మోర్గెన్‌స్టెర్న్‌తో కలసి వ్రాసిన గ్రంథమున పోకరునకు ప్రత్యేకముగా ఒక భాగమునే కేటాయించెను. 1950లో జాన్ నాష్ సమర్పించిన పరిశోధనవ్యాసమున సమస్థితి సిద్ధాంతముతోబాటు ముగ్గురాడెడు చిన్న పోకరాట ఉదాహరణముగా కనిపించును. చదరంగమున ఇరువురికిని బల్లయంతయు కనబడును. పేకాటయందు ఎదుటివాని చేతిలోనిది కనబడదు. లోకవ్యవహారము పేకాటవంటిదే కాని చదరంగమువంటిది కాదు. అందుచేతనే శాస్త్రజ్ఞులు దీనిని చేపట్టిరి.

సమస్థితి యననేమో ఒక చిన్నలెక్కతో తెలియగలదు. బల్లపై నూరు రూపాయలున్నవి. ఇదియే చివరి పందెము. మీరు మరి నూరు రూపాయలు పెట్టితిరి. ఎదుటివాడు నూరు చెల్లించి మీ ముక్కలను చూడవలెను, లేదా చేయి వదలవలెను. చూచి గెలిచినచో అతనికి రెండువందలు లాభము. ఓడినచో నూరు నష్టము. కనుక మూడుసార్లకు ఒకసారి మీది బూటకమైనచో అతనికి చూచుటయు చూడకుండుటయు సమానమే. అంతకంటె తరచుగా బొంకినచో అతడు ప్రతిసారియు చూచి మిమ్ము ముంచును. అంతకంటె అరుదుగా బొంకినచో అతడు చేయి వదలి తప్పించుకొనును. అటులనే అతడును సగముసార్లైనను చూడనిచో మీకు ఎల్లప్పుడు బొంకుటయే లాభమగును. ఇట్లు బొంకునకు సైతము ఒక పాలు, ఒక కొలత కలవని ఈ గణితము తెలుపుచున్నది. ఆ కొలతను పాటించువాడు ఎప్పుడు బొంకునో తనకే ముందుగా తెలియరాదు. తెలిసినచో ముఖము చెప్పివేయును.

ఒక్క పందెమునకు చేతితో చేయు లెక్క చాలును. ఆట మొత్తమునకు చాలదు. ఏబదిరెండు ముక్కలనుండి రెండేసి ముక్కలు 1,326 విధములుగా రాగలవు. బల్లపై తొలుత పరచు మూడు ముక్కలు 22,100 విధములు. వీనిని పందెపు వరుసలతో గుణించినచో మానవుని వశము తప్పును. అందుచే 2007లో కెనడా దేశపు ఆల్బర్టా విశ్వవిద్యాలయమువారు ఒక యుపాయమును ప్రకటించిరి. యంత్రము తనతో తానే ఆడును. ప్రతి ఆట పిదప, ఈ తావున వేరుగా నడచుకొనియుండినచో ఎంత మేలు కలిగెడిదని లెక్కించి, ఆ పశ్చాత్తాపమునకు తగినట్లు తన నడవడిని దిద్దుకొనును. కోట్లకొలది పర్యాయములు ఇట్లు జరిగిన పిమ్మట, దాని సగటు నడవడి సమస్థితిని సమీపించును. మనుష్యుడు పశ్చాత్తాపపడి మరునాడు మరల అదే పని చేయును. యంత్రము మాత్రము పశ్చాత్తాపమును పద్దుగా వ్రాసికొనును. వ్యత్యాసమంతయు ఇక్కడనే యున్నది.

ఈ పద్ధతిచే ఆల్బర్టావారు 2015 జనవరిలో, పందెమునకు హద్దుగల ఇద్దరి పోకరును సాధించితిమని ప్రకటించిరి. అందులకు 4,800 గణనయంత్రాంగములు 68 దినములు పనిచేసినవి. 2017 జనవరిలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు సాండ్‌హోమ్, బ్రౌన్‌లు నిర్మించిన లిబ్రేటస్ అను యంత్రము పిట్స్‌బర్గు నగరమున నలువురు ప్రసిద్ధ క్రీడాకారులతో 20 దినములు, 1,20,000 చేతులు ఆడి వారిని ఓడించినది. 2019లో ఆరుగురు కూర్చుండు బల్లయొద్ద ప్లూరిబస్ అను యంత్రము నిలిచి గెలిచినది.

ఈ సాధనముతో చదువుకొనువారు ఏమి చేయుదురు? బల్లపై సొమ్మెంత, ఇరువురి వద్ద మిగిలినదెంత, ఎవరిచేత ఎట్టి ముక్కలుండవచ్చును, ఎంతెంత పందెములు పెట్టవచ్చును అను వివరములను యంత్రమున కిచ్చెదరు. అది యిచ్చిన జవాబును తమ నడవడితో పోల్చి, తమ తప్పు ఎచ్చటనున్నదో వెదకెదరు. జవాబులన్నియు కంఠస్థము చేయుట అసాధ్యము గనుక కారణమును గ్రహించుటయే చదువు. ఐతే రెండు పరిమితులను మరువరాదు. యంత్రమునకు మన మిచ్చిన ఊహ తప్పైనచో జవాబును తప్పే. రెండవది, సమస్థితి నడవడి కవచమేకాని ఖడ్గము కాదు. ఇరువురి యాటలో, కమీషను లేనిచోట, దీర్ఘకాలమున ఓడకుండ కాపాడునని మాత్రమే శాస్త్రము హామీ యిచ్చును. ముగ్గురు చేరినచోట ఆ హామీయు లేదు. యంత్రములు గెలిచినవన్న మాట వేరు, సిద్ధాంతము అభయమిచ్చినదన్న మాట వేరు.

ఇక న్యాయశాస్త్రమునకు వత్తము. పేకాటపై మన దేశమున ఎక్కువగా ఉదాహరింపబడు తీర్పులలో నొకటి మన సికింద్రాబాదుననే పుట్టినది. 1305 ఫసలీ నాటి హైదరాబాదు జూదశాసనము క్రింద క్రెసెంటు రిక్రియేషన్ క్లబ్బుపై నడచిన వ్యాజ్యమున 1967లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, రమ్మీయందు పడిన ముక్కలను జ్ఞప్తియందుంచుకొను నేర్పు అవసరమగుటచే అది ముఖ్యముగా నేర్పరితనపు ఆటయనియు, మూడు ముక్కలాట అట్టిది కాదనియు భేదము చూపినది. ఆ భేదమును ఆధారముచేసికొని దూరవాణి తెరపై పందెపుటాటల వ్యాపారము అర్ధశతాబ్దము పిదప విస్తరించినది. తెలంగాణ ప్రభుత్వము 2017లో 1974 నాటి శాసనమును సవరించి, పందెమున్నచో నేర్పు అను మినహాయింపు చెల్లదన్నది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే త్రోవ పట్టినది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన శాసనము, నేర్పైనను అదృష్టమైనను, అంతర్జాలమున సొమ్ముపెట్టి ఆడించు ఆటలను దేశమంతటను నిషేధించినది.

నిషేధమును ఆక్షేపించువారు సాల్వరునే సాక్ష్యముగా నిలబెట్టుచున్నారు. "ఈ యాటకు సరియైన జవాబున్నది, దానిని నేర్చుకొనవచ్చును, కనుక ఇది జూదము కాదు, విద్య" అనుట వారి వాదము. మొదటి రెండు మాటలు నిజములే. మూడవది వానినుండి రాదు. నేర్పు కలదని నిరూపించినకొలది, నేర్పు లేనివాడు తప్పక ఓడునని కూడ నిరూపించినట్లే గదా! శుద్ధమైన అదృష్టపుటాటలో అమాయకుడును నిపుణుడును సమానులు. నేర్పుటాటలో అమాయకుని నష్టము నిశ్చితము. పాశమైలారమున పండ్రెండు గంటలు పనిచేసి, ఒరిస్సానుండియో బీహారునుండియో వచ్చి అద్దెగదిలో నలువురితో కలసి పరుండు కార్మికుడు, ఇంటికి పంపవలసిన జీతములో కొంత చేతిసాధనముపై పందెమొడ్డినాడనుకొనుడు. అతని యెదుట కూర్చున్నవాడు సాల్వరుముందు వేయి గంటలు గడపినవాడు కావచ్చును. లేదా మనుష్యుడే కాక యంత్రమే కావచ్చును. ఆటలో యంత్రసహాయమును పొందరాదని నిర్వాహకులు నియమములు వ్రాసిరి. తెరవెనుక నున్నవాని ప్రక్కనేమున్నదో చూచువాడెవడు? శకుని పాచికలు కనీసము సభలో నందరి కన్నులయెదుటనైనను పడినవి.

ఇరువురును సమానులే అనుకొందము. చెరి నూరు రూపాయలు ఒడ్డి ఆడిరి. నిర్వాహకుడు బల్లపైనున్న రెండువందలలో నూటికి ఐదు చొప్పున పది రూపాయలు కమీషనుగా తీసికొనెను. ఇరువది ఆటలు ముగియునప్పటికి రెండువందల రూపాయలు అతని పేటికను చేరును. అనగా ఇరువురి తొలి పందెమును సంపూర్ణముగా అతనిదే. దీర్ఘకాలమున ఓడనివ్వని సమస్థితి కవచమునకు ఇచట చిల్లుపడినది. ఆటగాండ్రు మారుచుందురు, అదృష్టము మారుచుండును. కమీషను మాత్రము మారదు. కౌలుకిచ్చిన భూస్వామికైనను కరవు కలదు, ఈ పేటికకు కరవు లేదు. నేర్పును గూర్చిన తర్కమంతయు ఈ లెక్కను మరుగుపరచుటకే యుపయోగపడుచున్నది.

అట్లని ఈ శాస్త్రమును పేకముక్కలతోబాటు గంగలో పారవేయుడని మేము చెప్పము. దీని అసలైన ప్రయోజనము జూదశాలకు వెలుపల నున్నది. పటాన్‌చెరు పారిశ్రామికవాడ చరిత్ర మన పాఠకులకు తెలియనిది కాదు. కర్మాగారముల మురికినీరు నక్కవాగున పడి, పొలములను, బావులను చెరచి, మంజీరను చేరుచున్నదని రైతులు మొరపెట్టుకొనగా 1990లోనే వ్యాజ్యము సుప్రీంకోర్టునకెక్కినది. ఉమ్మడి శుద్ధికర్మాగారమును నెలకొల్పిరి. అయినను రాత్రివేళ రహస్యముగా విడుచువానిని పట్టుకొనుట ఎట్లను ప్రశ్న ఇట్టి వాడలన్నింట నున్నదే.

ఇదియు ఒక పోకరే. నీటిని శుద్ధిచేయక విడిచినచో ఒక రాత్రికి లక్ష రూపాయలు మిగులుననియు, పట్టుబడినచో తొమ్మిది లక్షలు నష్టమనియు అనుకొనుడు. పది రాత్రులకు ఒక రాత్రి తనిఖీ యున్నచో, తొమ్మిది లక్షల లాభము తొమ్మిది లక్షల నష్టముతో చెల్లిపోవును. అంతకంటె కొంచెము ఎక్కువగా నున్నచో దోషమునకు లాభము లేదు. అనగా ప్రతిరాత్రియు కాపలా అవసరము లేదు. కాని ఆ ఒక రాత్రి ఏదియో ఎవ్వరికిని ముందుగా తెలియరాదు. పదవతేది, ఇరువదవతేది, ముప్పదవతేది యని పంచాంగము కట్టినచో తక్కిన ఇరువదియేడు రాత్రులును దోషికి పండుగలే. ఉద్యోగి నోటనుండి ముందుగా వార్త పొక్కినచో, ముక్కలు తిప్పి చూపి పందెమాడినట్లే. అమెరికాలో లాస్ ఏంజెలెస్ విమానాశ్రయమున కాపలాదారుల తావులను, వేళలను 2007 నుండి ఇట్టి గణితముచే నిర్ణయించిరి. మన కేంద్రప్రభుత్వమును 2014లో కార్మికశాఖ తనిఖీలకు కర్మాగారములను యంత్రముచే చీటి తీసినట్లు ఎన్నుకొను పద్ధతిని ప్రవేశపెట్టినది. పద్ధతి యున్నంతమాత్రమున చాలదు. ఎన్నిసార్లను పాలును, జరిమానా మొత్తమును, రహస్యమును మూడును కుదిరినప్పుడే లెక్క ఫలించును. జరిమానా లక్ష రూపాయలే యైనచో రెండు రాత్రులకొకసారి తనిఖీ చేయవలసివచ్చును. చిన్న జరిమానా పెద్ద కాపలాను కోరునని దీని భావము.

కందియందలి విద్యాలయమున 2019 నుండి కృత్రిమమేధకు ప్రత్యేకముగా పట్టభద్ర విద్య బోధింపబడుచున్నది. అచటనుండి పారిశ్రామికవాడకు గంట ప్రయాణము కూడ లేదు. సొమ్ములేని ముక్కలతో ఈ గణితమును అభ్యసించు విద్యార్థిని తలిదండ్రులు జూదరియని కసరనక్కరలేదు. సొమ్ముతో అభ్యసించువానిని విద్వాంసుడని పొగడనక్కరయు లేదు. చదివిన లెక్కను పొరుగూరి వాగువైపు త్రిప్పుమని అడుగుటకు మాత్రము మనకు హక్కు కలదు. భూములున్న పెద్దలు, పట్టణసంఘముల సభ్యులు, తనిఖీల పట్టిక ఎవరు వేయుచున్నారు, ఎట్లు వేయుచున్నారు, ఎవరికి ముందుగా తెలియుచున్నది అని అధికారులను నిగ్గదీయవలెను. తమ యిండ్లలోని యువకులను సైతము కూర్చుండబెట్టి కమీషను లెక్కను ఒకసారి కాగితముపై వేయించవలెను. ఉపదేశముకంటె ఆ ఇరువది ఆటల కూడిక ఎక్కువ పనిచేయును.

నలుడు ఋతుపర్ణుని మాటను నమ్మి ఊరకొనలేదు. రథము దిగి కాయలను లెక్కించెను. ఆ విద్యతో పోయిన రాజ్యమును ఒక్కసారి తిరిగి గెలిచి, ఓడిన పుష్కరుని బ్రతుకనిచ్చి, పాలనకు మరలెను. లెక్క నేర్చినవాడు బల్లయొద్దనుండి లేచుట కూడ నేర్వవలెను.