వృద్ధులను నడిపించే చదువు

జపాన్‌లో పునరావాస చికిత్సను ఒక చదువుగా నేర్పడం 1963లో మొదలైంది. టోక్యో శివార్లలోని కియోసె క్షయ శానిటోరియాలకు పేరుపడ్డ ఊరు. అక్కడి జాతీయ శానిటోరియానికి అనుబంధంగా తొలి శిక్షణ పాఠశాల తెరిచారు. 1965లో ఫిజికల్, ఆక్యుపేషనల్ థెరపిస్టుల చట్టం వచ్చింది. మరుసటి ఏడు తొలి జాతీయ పరీక్ష జరిగింది. మాట, మింగడం దెబ్బతిన్నవారిని చూసే స్పీచ్ థెరపిస్టులకు మాత్రం 1997 దాకా చట్టం లేదు. ఈ వృత్తి పుట్టిననాటికి ఆ దేశంలో 65 ఏళ్లు దాటినవారు నూటికి ఆరుగురే. 1970లో ఆ సంఖ్య 7 అయింది, 1994కి 14 అయింది, ఇప్పుడు దాదాపు 29. థెరపిస్టు చేతికి వచ్చే మనిషి ఎవరన్నది ఒక తరంలోనే మారిపోయింది.

దయ ఒక్కటే సరిపోదని ఆ దేశం చాలా మూల్యం చెల్లించి తెలుసుకుంది. 1973లో 70 ఏళ్లు దాటినవారికి వైద్యం ఉచితం చేశారు. ఉద్దేశం మంచిదే. కానీ ఇంట్లో చూసుకునే దిక్కులేని వృద్ధులు నెలల తరబడి ఆసుపత్రుల్లోనే ఉండిపోయారు. వారికి నోటికి అన్నం అందించారు, బట్టలు మార్చారు, కదలనివ్వకుండా పడుకోబెట్టారు. పడుకోబెట్టడమే వారిని మంచానికి అంటగట్టింది. 2007లో అమెరికాలో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో, ఆరోగ్యంగా ఉన్న వృద్ధులు 10 రోజులు మంచం మీదే ఉంటే కాళ్ల కండ దాదాపు కిలో తగ్గింది. జబ్బుతో ఉన్నవారి సంగతి చెప్పనక్కర్లేదు. జపాన్‌లో ఇంతమంది మంచాన పడి ఉండగా డెన్మార్క్‌లో అలాంటివారు ఎందుకు కనిపించరని పాత్రికేయురాలు ఒకుమా యుకికో 1990లో ఒక పుస్తకంలో నిలదీశారు. మంచాన పడేవారి సంఖ్యను తగ్గించడం అప్పటికే ప్రభుత్వ లక్ష్యాల్లో చేరింది. 2000లో దీర్ఘకాల సంరక్షణ బీమా అమల్లోకి వచ్చింది. అదే ఏడాది కోలుకునే దశ కోసం ప్రత్యేక పునరావాస వార్డులు మొదలయ్యాయి. పక్షవాతం రోగి ఆ వార్డులో సాధారణంగా 150 రోజుల వరకు, తుంటి ఎముక విరిగినవారు 90 రోజుల వరకు ఉండవచ్చు. పక్షవాతం రోగికి రోజుకు మూడు గంటల దాకా చికిత్స అందుతుంది.

ఈ వార్డుల్లో పనిచేయబోయే యువతకు కరుణ అంటే ఏమిటో ముందుగా తేల్చి చెప్పాలి. ఒక వృద్ధురాలు ఎడమ చేత్తో చొక్కా బొత్తాం పెట్టుకోవడానికి ఐదు నిమిషాలు తంటాలు పడుతుంటే, చూసేవారి చేయి దానంతట అదే ముందుకు వెళ్తుంది. ఆ చేతిని ఆపుకోవడం థెరపిస్టు నేర్చుకోవలసిన తొలి విద్య. ఎక్కడ ఆపుకోకూడదో కూడా తెలియాలి. పడిపోతానన్న భయం కళ్లలో కనబడిన క్షణాన, నొప్పి ఓర్చుకోలేని స్థాయికి చేరినప్పుడు ఆసరా అందాలి. ఆ తేడా కండరాల పుస్తకంలో ఉండదు, ఎదుటి మనిషిని గమనించడంలోనే పట్టుబడుతుంది. పునరావాసమంటే మనిషి కోల్పోయిన హక్కులన్నిటితో సహా మళ్లీ మనిషిగా నిలబడడమని, నడక ఒక్కటే కాదని, వైద్యుడు ఉయెదా సతోషి దశాబ్దాలుగా వాదిస్తూ వచ్చారు. జపాన్ థెరపిస్టుల పాఠశాలల్లో ఆ భావన ప్రభావం గట్టిగానే ఉంది.

ఉన్నత పాఠశాల తర్వాత కనీసం మూడేళ్లు, విశ్వవిద్యాలయాల్లో నాలుగేళ్లు చదవాలి. శరీర నిర్మాణం, నాడీ వ్యవస్థ, కదలికల శాస్త్రం వంటివి ఎక్కడైనా ఉండేవే. వృద్ధుల కోసం చేర్చిన పాఠాల్లో కొన్ని వేరుగా ఉంటాయి. మోకాళ్లు వంగకుండా పట్టీలు బిగించుకుని, కాళ్లకూ చేతులకూ బరువులు కట్టుకుని, మసక కళ్లద్దాలు పెట్టుకుని విద్యార్థులు మెట్లు ఎక్కి దిగుతారు. ఇది ఉపయోగమే, కానీ దీనితోనే వార్ధక్యం అర్థమైందనుకుంటే పొరపాటు. గంట తర్వాత విద్యార్థి ఆ బరువులు విప్పేస్తాడు. అంతకన్నా లోతైన శిక్షణ, మీరు మళ్లీ ఏం చేయగలగాలని ఉందని అడగడంలో ఉంది. అడిగాక జవాబు వచ్చేదాకా మౌనంగా ఉండాలి. మళ్లీ వంట చేయాలని, గుడికి వెళ్లాలని, మనవడికి ఉత్తరం రాయాలని వచ్చే జవాబుల నుంచే వ్యాయామాలు రూపొందించాలి. ఈ పద్ధతిని జపాన్ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సంఘం ఒక క్రమంగా తయారుచేసి నేర్పుతోంది.

అసలు పరీక్ష ఆసుపత్రి శిక్షణలో ఎదురవుతుంది. చాలాకాలం అది అనుభవజ్ఞుడు విద్యార్థికి ఒక రోగిని అప్పగించి, నివేదికలు రాయించి, తప్పులు పట్టే విధానంగా సాగింది. పగలంతా వార్డు, రాత్రంతా నివేదిక. నిద్రలేమి, అవమానాలు మామూలైపోయాయి. ఒక విద్యార్థి ఆత్మహత్య కేసు కోర్టు దాకా వెళ్లింది. తనను ఎవరూ ఆదరించని చోట రోగిని ఆదరించడం విద్యార్థికి ఎలా వస్తుంది? 2020లో చేరినవారి నుంచి అమలైన కొత్త నిబంధనలు ఈ ప్రశ్నకు కొంత జవాబిచ్చాయి. మొత్తం క్రెడిట్లు 93 నుంచి 101కి పెరిగాయి. ఇంటి దగ్గర చేసే పనిని కూడా కలుపుకుని శిక్షణ వారానికి 45 గంటలు దాటకూడదు. నేర్పేవారికి కనీసం ఐదేళ్ల అనుభవంతో పాటు నిర్ణీత శిక్షణా ఉండాలి. విద్యార్థి ముందు చూసి, తర్వాత అనుకరించి, ఆ తర్వాతే సొంతంగా చేయాలి. రోగుల ఇళ్లకు వెళ్లే సేవలోనో, పగటి కేంద్రాల్లోనో కనీసం ఒక క్రెడిట్ శిక్షణ తప్పనిసరి అయింది. ఆసుపత్రి చదునైన నేల మీద చక్కగా నడిచిన మనిషి, ఇంటి గుమ్మం మెట్టు దగ్గర, లోతైన స్నానపు తొట్టి దగ్గర ఆగిపోవడం అక్కడే కనబడుతుంది.

మతిమరుపు వ్యాధి ఉన్నవారి దగ్గర మాటలూ వివరణలూ అంతగా పనిచేయవు. ఫ్రాన్స్‌లో ఈవ్ జినెస్త్, రోజెట్ మారెస్కొట్టి రూపొందించిన హ్యూమానిట్యూడ్ పద్ధతిని వైద్యురాలు హోండా మివాకో 2012 నుంచి జపాన్‌లో పరిచయం చేశారు. చూడడం, మాట్లాడడం, తాకడం, నిలబెట్టడం దీనికి నాలుగు స్తంభాలు. ముఖానికి ముఖం ఎదురుగా, కంటికి సమానమైన ఎత్తులో నిలిచి చూడాలి. మణికట్టును పైనుంచి పట్టి లాగకూడదు, అరచేత్తో కిందినుంచి ఆనించాలి. ప్రేమగా ఉండమని చెబితే ఎవరికీ ఏమీ అర్థం కాదు. చేయి ఎక్కడ ఉంచాలో చూపిస్తే నేర్చుకోగలరు. కరుణను నేర్పవచ్చా అని సందేహించేవారు ఈ వివరాలను శ్రద్ధగా చూడాలి.

నేర్చుకున్నది నిలబెట్టుకోవడం మరో కష్టం. జపాన్‌లో చికిత్సను 20 నిమిషాల యూనిట్లుగా లెక్కగడతారు. థెరపిస్టుకు రోజుకు 18 యూనిట్లు ప్రమాణం. ఆ గడియారం కింద, కూతురి గురించి మాట్లాడుతూ కన్నీళ్లు పెట్టుకున్న మనిషి దగ్గర కాసేపు ఆగడం ధైర్యమే అవుతుంది. ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ వైద్య కళాశాలలో జరిగిన అధ్యయనం, వైద్య విద్యార్థుల సహానుభూతి మూడో ఏడాదిలో, అంటే రోగుల మధ్యకు వెళ్లే ఏడాదిలోనే, తగ్గిందని 2009లో చూపింది. థెరపిస్టుల చదువు దీన్ని హెచ్చరికగా తీసుకోవాలి. పట్టా అందాక కూడా సీనియర్లతో కూర్చుని కష్టమైన కేసులు మాట్లాడుకునే వేళ ఉద్యోగంలో భాగం కావాలి.

జపాన్ నడిచిన దారిలోకే మనమూ అడుగుపెడుతున్నాం. భారతదేశంలో 2011 జనగణన ప్రకారం 60 ఏళ్లు దాటినవారు 8.6 శాతం. 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, తెలంగాణలో 1.8. అంటే వృద్ధుల నిష్పత్తి ఇక్కడ వేగంగా పెరుగుతుంది. పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటే, పక్షవాతం వచ్చిన తండ్రికి వారంలో రెండుసార్లు వచ్చే ఫిజియోథెరపిస్టే దగ్గరి మనిషి. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఈ చదువులకు దేశమంతటా ఒకే ప్రమాణం తెచ్చే దారి తెరిచింది. ఆ ప్రమాణంలో గృహ సందర్శన శిక్షణకు చోటుండాలి. నేలమీద కూర్చుని లేవడం, గడప దాటడం, పెరట్లోని మరుగుదొడ్డి దాకా వెళ్లడం తెలుగు ఇంట్లో నిత్యం చేయవలసిన పనులు. వాటిని ఆ ఇంట్లోనే, ఆ మనిషి పక్కనే ఉండి విద్యార్థి చూడాలి.