పండుగ పానము: మ్యూనిక్ మైదానము నుండి అరకు మన్యము వరకు

దువ్వాడలో మా యిండ్ల వెనుక తాటిచెట్లుండెడివి. తెల్లవారకముందే గీత కార్మికుడు మోకుతో చెట్టెక్కుటయు, నురుగు పొంగుచున్న లొట్టిని దింపుటయు మాకు బాల్యమునుండి పరిచితమైన దృశ్యము. ఆ చెట్ల క్రింద నాతో ఆడుకొన్న మిత్రుడొకడు యంత్రవిద్య నేర్చి జర్మనీలో కొన్నియేండ్లు ఉద్యోగము చేసెను. అతడు పిలువగా ఒక శరదృతువులో నేనును అచ్చటికి పోయితిని. మ్యూనిక్, స్టుట్‌గార్ట్ నగరముల జానపదోత్సవములను కలిసి చూచి, అచ్చటి బీరును రుచి చూచితిమి. మరుసటి చైత్రమున అరకు మన్యమునకు పోయి, అచ్చటి పండుగను, కల్లును చూచితిమి. ఈ రెండు యాత్రల వలన మాకు తోచిన విషయమొక్కటి. పండుగలో త్రాగు పానమునకు ఒక కాలము, ఒక కొలత, ఒక యజమాని ఉండును. వీనిలో ఏది తప్పినను పండుగ చెడును. ఒక్కొక్కప్పుడు రాజ్యమే కదలును.

మొదట మ్యూనిక్ సంగతి. 1810 అక్టోబరు 12వ తేదీన బవేరియా యువరాజు లూడ్విగ్‌కు థెరెసా అను రాకుమారితో వివాహము జరిగెను. ఆ సందర్భమున ఊరి వెలుపలి పచ్చికబయలులో గుఱ్ఱపు పందెములు నడపి ప్రజలకెల్ల వేడుక చేసిరి. ఆ బయలునకు పెండ్లికుమార్తె పేరే పెట్టిరి. ఆ వేడుకయే ఏటేటా సాగి అక్టోబరు పండుగ యైనది. పేరు అక్టోబరుదైనను, ఆ దేశమున చలి త్వరపడి వచ్చును గనుక ఇప్పుడు సెప్టెంబరులోనే ఆరంభమై అక్టోబరు మొదటి వారమున ముగియును. నగరాధ్యక్షుడు కొయ్యసుత్తితో మొదటి పీపాకు కుళాయి బిగించి, పీపా తెరచితిమని ఎలుగెత్తి చాటును. ఆ మాట వినిన తరువాతనే తక్కిన డేరాలలో బీరు పోయుదురు. మ్యూనిక్ నగరమునకు చెందిన ఆరు బట్టీల సరుకు తప్ప అన్యము అచ్చట అమ్మరాదు.

పండుగ ఆ ఋతువులోనే కుదురుకొనుటకు తగిన కారణము కలదు. బీరునకు మూలము బార్లీ. మన యిండ్లలో చోళ్ళు మొలకెత్తించి ఎండబెట్టి విసరుకొనునట్లే, వారు బార్లీని మొలకెత్తించి ఎండబెట్టి దంచి వేడినీటిలో నానబెట్టుదురు. ఆ తీపినీటిలో హాప్స్ అను తీగపువ్వులు వేసి కాచి, చల్లార్చి పులియబెట్టుదురు. బవేరియావారి పద్ధతిలో పులియుట చల్లదనమున మెల్లగా జరుగవలెను. ఎండకాలమున పులియబెట్టినచో సరుకు పాడగును. పైగా బట్టీల నిప్పువలన ఊరు తగులబడు భయముండెడిది. అందుచే 16వ శతాబ్దమున ఏప్రిల్ 23 మొదలు సెప్టెంబరు 29 వరకు బీరు కాచరాదని శాసనము చేసిరి. మార్చిలో కాచిన సరుకును నేలమాళిగలలో దాచి వేసవియంతయు వాడుకొనెడివారు. కొత్త బార్లీ వచ్చువేళకు పాత పీపాలు ఖాళీ కావలెను గదా! పంట చేతికి వచ్చినది, పని తీరినది, పీపా అడుగున పాత సరుకు మిగిలియున్నది. ఇంతకన్న పండుగకు తగిన సమయమేది? తరువాత 1870వ దశకమున కార్ల్ ఫాన్ లిండె శీతలయంత్రములను నిర్మించి బీరు బట్టీలలో పెట్టుటతో, ఋతువుతో పనిలేకపోయినది. కాని పండుగ మాత్రము తన ఋతువును విడువలేదు.

ఇక రుచి మాట. పండుగకై కాచిన ఆ బీరులో నూటికి ఆరు పాళ్ళ ప్రాంతమున మద్యసారముండును. నాలుకకు మొదట వేగిన గింజల కమ్మదనము తగులును. మ్రింగిన పిదప కాకరకాయ పులుసులోని వంటి హాయియైన చేదు నిలుచును. పాత్ర లీటరు పట్టు గాజుకూజా. దానినే అచ్చట ‘మాస్’ అందురు. మాస్ అనగా కొలత. 1516లో బవేరియా ప్రభువులు చేసిన ప్రసిద్ధ శాసనమును, బార్లీ, హాప్స్, నీరు తప్ప మరేమియు కలుపరాదను నియమమునకే జనులు తలచుకొందురు. కాని ఆ శాసనమున అధికభాగము ధరను గూర్చినదే. చలికాలమున ఒక మాస్ బీరు ఒక ఫెన్నిగ్‌నకు, వేసవిలో రెండు ఫెన్నిగ్‌లకు మించి అమ్మరాదని అందు నిర్ణయించిరి.

స్టుట్‌గార్ట్ నగరపు కాన్‌స్టాట్ ఉత్సవము పుట్టినది పెండ్లి వలన కాదు, కరవు వలన. 1815లో నేటి ఇండోనేషియాలోని తంబోరా అగ్నిపర్వతము బ్రద్దలై, దాని ధూళి ఆకాశమున క్రమ్మినది. 1816లో ఐరోపాకు వేసవియే రాలేదు. పంటలు కుళ్ళి జనులు ఆకలితో అల్లాడిరి. ఆ గండము గడచిన పిదప వుర్టెంబర్గ్ రాజు మొదటి విల్‌హెల్మ్ 1818లో ఈ వ్యవసాయోత్సవమును నెలకొల్పెను. ధాన్యముతో, పండ్లతో, కూరగాయలతో అలంకరించిన ఎత్తైన స్తంభము నేటికిని ఆ మైదానమున నిలుచును. దానిని చూచి నా మిత్రుడు, “ఇది మన సంక్రాంతి కుప్పకు చుట్టమేరా!” అనెను.

అచ్చట అంతయు సవ్యమే యని చెప్పజాలము. డేరాల వెనుక గడ్డిమీద స్పృహ తప్పి పడియున్నవారిని, వారిని మోసికొనిపోవు వైద్యసేవకులను కూడ చూచితిమి. ధర విషయమున ఒకప్పుడు రక్కసి గలాటాయే జరిగినది. పెండ్లి వేడుకతో పండుగకు కారకుడైన ఆ లూడ్విగే రాజైన పిదప, 1844 మే నెల మొదటి రోజులలో బీరు ధర పెంచబడెను. రెండువేలకు పైగా జనులు బట్టీలపై పడి ధ్వంసము చేసిరి. సైనికులు సైతము వారి నెదుర్కొనుటకు వెనుదీసిరి. రాజు ధరను పదియవ వంతు తగ్గించిన పిదపగాని నగరము శాంతింపలేదు.

నా మిత్రుడు ఆ డేరాలలో ఒక్క మాస్ మాత్రము మెల్లగా త్రాగి కూజా బోర్లించెడివాడు. ఎంత బలవంతపెట్టినను రెండవదానిని ముట్టలేదు. కారణము అప్పుడు చెప్పలేదు.

మరుసటి చైత్రమున మేమిద్దరము దువ్వాడ నుండి కొత్తవలస చేరి, అచ్చట కిరండూలు బండి ఎక్కితిమి. శృంగవరపుకోట దాటినది మొదలు కొండలు, వంతెనలు, యాభైకి పైబడిన సొరంగములు. అది ఇటుకల పండుగ సమయము. మగవారు వేటకు పోవుదురు. విత్తనములకు పూజ జరుగును. స్త్రీలు దారికి అడ్డముగా వెదురుగడ పెట్టి, వచ్చిపోవువారిని నవ్వుచు పైకమడుగుదురు. మేమును చెల్లించితిమి. రాత్రి తుడుము, డప్పు, కిరిడి, మోరి మ్రోయగా చేయి చేయి పట్టుకొని థింసా ఆడిరి.

అచ్చటి పానము జీలుగు కల్లు. జీలుగు కొండలలో పెరుగు తాటిజాతి చెట్టు. పది పదునైదేండ్లు పెరిగిన పిదప మొదట తలదగ్గర పూగెల వేసి, తరువాత ఒక్కొక్క గెలయే క్రిందికి దిగుచు పూచి, కడపటి గెలతో చెట్టు చనిపోవును. చెట్టు తన జీవితకాలమున కూడబెట్టిన పిండిపదార్థమే తీపినీరై గెల చివరినుండి కారును. కోతను దినమునకు రెండుమారులు పలుచగా చెక్కి కుండ కట్టుదురు. గాలిలోని మధుశిలీంధ్రములు కుండలో చేరి తీపిని మద్యసారముగా మార్చుట వెంటనే ఆరంభమగును. కుండలోపల సున్నము పూసినచో ఆ మార్పు ఆగి, తియ్యని నీరా మిగులును. ఉదయపు కల్లు తీపి, మధ్యాహ్నపు కల్లు పులుపు, మరునాటికి పుల్లనీరు. బీరువలె దానిని నెలలకొలది దాచుట సాధ్యము కాదు. కనుక దాని కాలమును, కొలతను చెట్టే నిర్ణయించును.

గ్రామపెద్ద ఆనపబుర్ర వంచి రెండు చుక్కలు నేలతల్లికి పోసి, మాకు ఆకుదొప్పలలో పోసెను. తేలికైన నురుగు, లేత కొబ్బరినీటి తీపి, వెనుక చిన్న పులుపు. మిత్రుడు ఒక దొప్పతో ఆపివేసెను. “చాలా బాబూ?” అని అడిగి, చాలనగానే ఆ పెద్ద బుర్రను ప్రక్కవానికి అందించెను, బలవంతపెట్టలేదు.

ఈ కల్లుకొరకే మన మన్యమున ఒకప్పుడు తిరుగుబాటు చెలరేగినది. గోదావరి మన్యములోని రంపలో కొండవారు అనాదిగా తమ యింటి వాడుకకు స్వేచ్ఛగా కల్లు గీసికొనుచుండిరి. ఆంగ్ల ప్రభుత్వపు ఆబ్కారీ చట్టము వచ్చి ఆ హక్కును పల్లపు గుత్తదారులపరము చేసినది. దానికితోడు రంప మన్సబుదారు ‘చిగురుపన్ను’ పేర కల్లుపై పన్ను విధించెను. పోలీసుల లంచములు, వర్తకుల అప్పులు అప్పటికే వారిని నలిపివేయుచుండెను. 1879 మార్చిలో పితూరీ ప్రారంభమై విశాఖ జిల్లా గొలుగొండ కొండల వరకు ప్రాకినది. సైన్యములను రప్పించినను, దానిని అణచుటకు దొరతనమునకు ఏడాదికి పైగా పట్టినది. మ్యూనిక్ ప్రజలకు ధర తగ్గినది. మన కొండవారికి తుపాకులు ఎదురైనవి. కాని ఇరువురి మొర ఒక్కటే: మా పండుగ పానము పరుల బొక్కసము కారాదని.

అయితే కథ ఇంతటితో ముగియదు. 1922లో మన్యమున విప్లవము లేవదీసిన అల్లూరి సీతారామరాజు, అంతకుముందు అదే కొండవారికి మద్యము మానుడని బోధించెను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు, అక్షరాస్యతా కార్యక్రమములో పాఠములు చదివి, తమ గ్రామమున సారా అమ్మకమును ఆపివేసిరి. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి 1993లో సారా నిషేధమునకు, 1995లో సంపూర్ణ మద్యనిషేధమునకు దారితీసినది. ఆ సంపూర్ణ నిషేధము 1997లో సడలింపబడినది. ఈ స్త్రీలు పోరాడినది పండుగతో కాదు. పండుగ లేని దినమున, కొలత లేక, దుకాణమువాని లాభముకొరకు పోయు సారాతో.

తిరుగు ప్రయాణమున బండి సొరంగము దాటి వెలుగులోనికి వచ్చినప్పుడు నా మిత్రుడు నోరు విప్పెను. “మా నాన్న తాటిచెట్టు క్రింద కల్లు తాగి చెడలేదురా. జీతం రోజున సారా దుకాణంలో చెడ్డాడు. ప్రతి నెలా ఆ రోజు అమ్మ దీపం పెట్టుకుని గుమ్మంలో కూర్చునేది. అందుకే నాకు ఒక్క కొలత చాలు. రెండోది చేతికి వస్తే ఆ గుమ్మమే కనబడుతుంది.”

నేనేమియు పలుకలేదు. కూజా బోర్లించుటకు కారణము అప్పుడు తెలిసినది.

మన సమాజము ఈ విషయమున పూర్తిగా వద్దనుటకును, ఎంతైనను సరేయనుటకును మధ్య ఊగులాడుచున్నది. నేడు కొన్ని దుకాణములలో కల్లు పేర అమ్మునది చెట్టునుండి దిగినది కాక, క్లోరల్ హైడ్రేటు వంటి మత్తుమందులు కలిపిన నీరుగా ఉండుట మరింత ప్రమాదము. ఏ ఇంటి పెద్దయైనను తన్ను తాను మూడు ప్రశ్నలు వేసికొనవచ్చును. ఇది ఏ కాలపుది? ఎంత కొలత? దీనివలన లాభము ఎవరికి? మూడింటికిని సంతృప్తికరమైన సమాధానము దొరకనినాడు, ఆ కొండపెద్దవలె బుర్రను ప్రక్కకు త్రిప్పుట ఉత్తమము.

దువ్వాడలో దిగునప్పటికి ప్రొద్దుగ్రుంకినది. మిత్రుని తల్లి గుమ్మమున దీపము పెట్టుకొని కూర్చుండియుండెను. కొడుకు నడకను ఒకమారు పరికించి చూచి, ఏమియు అనక, అన్నము వడ్డించుటకు లోనికి పోయెను.