మాయా జాతివారి దేహసంరక్షణ పద్ధతులు

మాయ యనినంతనే మన వేదాంతులు చెప్పు మాయ స్ఫురించుట సహజము. ఇచ్చట ప్రస్తావింపబడునది యొక ప్రాచీన జాతి. మెక్సికో దక్షిణభాగమునను, గ్వాటెమాల, బెలీజ్ మున్నగు దేశములందును ఈ జాతివారు నేటికిని లక్షలకొలదిగా నివసించుచున్నారు. వీరు ఆరోగ్యమును కాపాడుకొను విధమునుండి మనము నేర్వదగినది కొంత గలదు.

వీరి వైద్యమునకు శీతోష్ణముల సమత్వము ముఖ్యసూత్రము. ఆహారములు, ఓషధులు, రోగములు ఉష్ణమనియు శీతమనియు రెండు తెగలని వీరి విశ్వాసము. శీతముచే గలిగిన బాధకు ఉష్ణపదార్థమును, ఉష్ణముచే గలిగిన బాధకు శీతపదార్థమును ఒసగుదురు. "వేడి చేసినది", "చలువ చేయును" అని మన యిండ్లలో పెద్దలు పలుకుట విన్నవారికి ఈ భావము క్రొత్తగా దోపదు. ప్రసవించిన స్త్రీ దేహమునందలి వేడిమిని గోల్పోవునని తలంచి, ఆమెకు వెచ్చని పానీయముల నిచ్చి, ఆవిరిస్నానము చేయింతురు.

ఈ ఆవిరిగదికి 'తెమాస్కల్' అని పేరు. అది చిన్న ద్వారముగల యిరుకు గది. లోపల కాగిన రాళ్లపై నీరు చల్లగా ఆవిరి నిండును. మంత్రసాని బాలింతను లోనికి గొనిపోయి, ఆకులతో మెల్లగా తట్టి, ఉదరమును మర్దించును. పొలమున శ్రమించి యలసినవారును ఇందు స్నానము చేయుదురు. ఈ యాచారము మిక్కిలి పురాతనము. ఎల్ సాల్వడార్ దేశమునందలి హోయా దె సెరెన్ అను గ్రామము క్రీ. శ. 600 ప్రాంతమున అగ్నిపర్వతభస్మముచే గప్పబడెను. 1976లో బయల్పడిన యా గ్రామమున ఇండ్లతోపాటు మట్టిగుమ్మటముగల ఆవిరిగది యొకటి కనబడినది.

ఈ విద్య నేడు గ్రంథములకంటె మనుష్యులయందే యధికముగా నిలిచియున్నది. 1562లో మానీ యను పట్టణమున దియేగో దె లాందా యను స్పానిష్ సన్యాసి మాయాల గ్రంథములను పెక్కింటిని దహింపించెను. బెలీజ్‌లో ఎలిహియో పాంతి యను వృద్ధవైద్యుడు తన విద్యను రోజీతా ఆర్విగో యను అమెరికా వనితకు నేర్పి, 1996లో కాలధర్మము నొందెను. గ్వాటెమాలలో శాస్త్రజ్ఞులకు తోడ్పడుచుండిన దొమింగో చోక్ చే యను మూలికావైద్యుని, 2020 జూన్ మాసమున, మంత్రగాడను నెపమున కొందరు సజీవదహనము గావించిరి. నాడు గ్రంథములను, నిన్న మనుష్యుని దహించినది యొకే యగ్ని. దాని పేరు అజ్ఞానము.

కావున మనము నేర్వదగినవి మూడు. వ్యాధి వచ్చువరకు వేచియుండక దేహమును నిత్యము కనిపెట్టుట మొదటిది. అలసినవారికిని బాలింతలకును విశ్రాంతి నొసగుట యింటివారందరి విధి యని యెరుగుట రెండవది. వివేచన మూడవది. మూసిన గదిలో కట్టెలు కాల్చినచో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. అధికమైన వేడిమి గర్భిణులకును హృద్రోగులకును అపాయకరము. మాయాలు ప్రీతితో దిను 'చాయా' యను ఆకుకూర సైతము పచ్చిగా దినిన విషము, ఉడికించిన బలకరము. ఆకు నెరిగినంత చాలదు. వాడు విధమును ఎరుగవలెను.

విద్యార్థులారా! పరజాతుల యాచారములను చూచి నవ్వకుడు, గ్రుడ్డిగా అనుకరింపకుడు. పరీక్షించి మేలైనదానిని గ్రహింపుడు.