ఆటలో అలసటకు కొలత

పామిడి ప్రక్కన పెన్నానది ప్రవహిస్తున్నదని భూగోళ పాఠాలలో చదువుకున్నవారు ఆ ఊరు చూడవస్తే మొదట కంటబడేది ఇసుక. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే సీమలో నదిని తప్పు పట్టి లాభం లేదు. ఆ ఇసుకలో ఒక సాయంకాలం కొందరు బాలబాలికలు ఫుట్‌బాల్ ఆడుతుండగా గట్టున నిలిచి చూచినాను. అరగంట గడిచేసరికి ఒక బాలిక మోకాలు పట్టుకొని కూలబడినది. "లేమ్మా, ఊరికే సాకులు చెప్పొద్దు" అన్నారు డ్రిల్లు మాస్టరు. ఆయన పిల్లల మేలు కోరేవారే. అయినా, అది సాకో, నిజమైన నొప్పో తెలుసుకొనే ఉపాయం ఆయన చేతిలో ఏమున్నది?

విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి పని ప్రారంభించిన తరువాత, ఆయన నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అక్కడ క్రీడాగ్రామాన్ని కూడ నిర్మించినది. పల్లెల పిల్లలకు ఫుట్‌బాల్ చేరువైనది. అంతకు ముందే మన హైదరాబాదు ఉపాధ్యాయుడు సయ్యద్ అబ్దుల్ రహీం భారత జట్టును 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానానికి, 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణ పతకానికి నడిపించినాడు. అటువంటి గురువు కన్ను అందరికీ ఉండదు గదా! లేనివారికి కొలత కావలసి వస్తుంది.

శిక్షకుడు చేయించే పని వేరు, పిల్లవాని దేహం పడే శ్రమ వేరు. అరగంట పరుగు అందరికీ అరగంటే. కాని మెత్తని ఇసుకలో పెట్టిన అడుగు దిగబడుతుంది. అదే దూరం గట్టినేల మీదకంటె ఎంతో ఎక్కువ శక్తిని హరిస్తుంది. గడియారం ఈ తేడాను చూపదు. గుండె చూపుతుంది. ఊపిరి చూపుతుంది. అన్నిటికంటె చౌకగా చూపేది ఆడినవాని నోటిమాట.

స్వీడన్ దేశపు మనస్తత్వవేత్త గున్నార్ బోర్గ్ మనిషి తన ప్రయాసను తానే అంకెలతో చెప్పగలడని నిరూపించినాడు. ఆయన మొదటి కొలబద్ద 6తో మొదలై 20తో ముగుస్తుంది. ఇదేమి విడ్డూరపు లెక్క అనిపించవచ్చు. పదితో హెచ్చిస్తే ఆరోగ్యవంతుడైన యువకుని నాడి వేగానికి సుమారుగా సరిపోతుందని అలా పెట్టినాడు. తరువాత అమెరికాలో కార్ల్ ఫాస్టర్ సున్న నుండి పది వరకు గల కొలబద్దను తీసుకొని దానిని సులభతరం చేసినాడు. సున్న విశ్రాంతి, మూడు మధ్యరకం, అయిదు కష్టం, ఏడు మిక్కిలి కష్టం, పది ఇక శక్తి లేదన్న స్థితి. ఆట ముగిసిన అరగంటకు పిల్లవానిని అడిగి, వాడు చెప్పిన అంకెను ఆడిన నిమిషాలతో హెచ్చించాలి. అరవై నిమిషాలు ఆడి నాలుగు అన్నవాని భారం 240, ఎనిమిది అన్నవాని భారం 480. ఇటలీలో ఇంపెల్లిజేరి బృందం యువ ఫుట్‌బాల్ క్రీడాకారులమీద దీనిని పరీక్షించి, గుండె వేగంతో కట్టిన లెక్కలకు ఇది చాలవరకు పొందుతున్నదని 2004లో ప్రకటించినది. అరగంట ఆగమనడానికి కారణమున్నది. చివరి పరుగు ఆయాసం తీరకముందే అడిగితే ఆ ఒక్క పరుగే ఆటంతటికీ సాక్ష్యం చెబుతుంది.

వారపు మొత్తం చూచినంత మాత్రాన చాలదు. ఏడు రోజులూ 300 చొప్పున ఆడినవానికి 2100. వరుసగా 500, 150, 500, 150, 500, 300 ఆడి ఒకరోజు మానినవానికీ 2100. తేలిక దినాలు లేని మొదటివాని వారమే దేహానికి బరువు. భారం పెరిగి వైవిధ్యం తగ్గినప్పుడు క్రీడాకారులు తరచు జబ్బు పడుతున్నారని ఫాస్టర్ 1998లో వ్రాసినాడు.

ఇక్కడ మన సీమ లెక్క ఒకటి విడిగా చేర్చాలి. మైదానానికి వచ్చే ముందు ఆ బాలిక ఏమి చేసినది? చెనిక్కాయలు పీకే రోజులలో ఉదయమంతా నడుము వంచి ఉండవచ్చు, బిందెలతో నీళ్ళు మోసి ఉండవచ్చు. శిక్షకుని పుస్తకంలో ఆ పనికి గడి ఉండదు. ఆమె "ఏడు" అంటే అది ఆట ఒక్కదాని ఏడు కాదు.

మోకాలి సంగతికి వద్దాం. బాలికలు సుమారు పన్నెండేళ్ళకు, బాలురు పధ్నాలుగేళ్ళకు వేగంగా పొడవు పెరుగుతారు. మోకాలిచిప్ప క్రింద, తొడ కండరపు నరం వచ్చి అతుక్కొనే ఎముక కొన అప్పటికింకా గట్టిపడదు. పరుగులు, గెంతులు, తన్నులు దానిని మాటిమాటికీ లాగుతాయి. వాపు, నొప్పి కలుగుతాయి. బోస్టన్‌లో ఆస్‌గుడ్, జ్యూరిక్‌లో ష్లాటర్ 1903లో విడివిడిగా దీనిని వర్ణించినారు. ఎదుగుదల ముగిసేసరికి చాలమందికి తగ్గిపోతుంది. అంతవరకు నొప్పినిబట్టి పని తగ్గించాలి. అందుచేత నెలకొకసారి గోడకు నిలిపి ఎత్తు గుర్తు పెట్టడం కూడ శ్రమను కొలవడంలో భాగమే.

పిల్లలు నిజం చెబుతారా? జట్టులో చోటు పోతుందని భయపడేవాడు తొమ్మిదిని నాలుగంటాడు. అందరి ఎదుట అడిగితే మొదటివాడు చెప్పిన అంకెనే తక్కినవారు వల్లిస్తారు. ఒక్కొక్కరినే పిలిచి అడగాలి. చెప్పిన అంకె కారణంగా ఎవరినీ ఆటనుండి తొలగించకూడదు. తెల్లవారి లేవగానే మణికట్టు నాడిని అర నిమిషం లెక్కించి రెట్టింపు చేసి వ్రాసుకోవడం తల్లిదండ్రులు ఇంట్లో చేయగల పని. రోజూ ఉండేదానికంటె బాగా ఎక్కువై రెండు మూడు రోజులు అలాగే నిలిస్తే, నిద్ర, తిండి, జ్వరం సంగతులు విచారించి ఆ సాయంకాలం బంతి దాచివేయవచ్చు.

నేను మరల వెళ్ళినప్పుడు ఆ మాస్టరు చేతిలో గీతలు గీసిన నోటుపుస్తకం ఉన్నది. పేరు, నిమిషాలు, అంకె అని మూడు గడులు గీసినారు. నాల్గవ గడిమీద "ఇంటి పని" అని పెన్సిలుతో వ్రాసి ఉన్నది. ఆ బాలిక పేరుకు ఎదురుగా ఆ వారం ఇసుకలో పరుగు కొట్టివేసి ఉన్నది.