ఉప్పునీటి తొట్టెకు ఫ్యాన్ గాలి ఎందుకు?

సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నా, ఏప్రిల్‌లో బెంగళూరు కూడా మండిపోతుంది. 2016 ఏప్రిల్‌లో ఇక్కడ 39.2 డిగ్రీలు నమోదైంది. ఇంట్లో సముద్రపు చేపలు, పగడాలు పెంచేవాళ్లకు అది గండమే. పగడాలకు 25, 26 డిగ్రీలు హాయి. నీరు 30 దాటి అలాగే ఉండిపోతే అవి రంగు కోల్పోతాయి. పైగా వేడినీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది.

నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం ఖరీదెక్కువ. దాని బదులు మూత తీసి, నీటిమీదుగా చిన్న ఫ్యాన్ గాలి వీచనిస్తే చాలావరకు పని జరుగుతుంది. ఎలా? ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆవిరయ్యే నీరు ఆ వేడిని మిగిలిన నీటినుంచే లాక్కుంటుంది. మట్టికుండలో జరిగేదీ ఇదే. 100 లీటర్ల తొట్టెలో ఒక్క లీటరు ఆవిరైతే, బయటి వేడి చేరకపోతే, నీరు దాదాపు 6 డిగ్రీలు చల్లబడాలి! గదిలోని వేడి చేరుతూనే ఉంటుంది కాబట్టి తగ్గేది రెండు మూడు డిగ్రీలే. చేపకు ఆ తేడాయే ప్రాణం.

బెంగళూరు వేసవి గాలి పొడిగా ఉండడం మన అదృష్టం. విశాఖపట్నం ఉక్కపోతలో ఈ ఉపాయం ఇంత బాగా పారదు.

ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. అందుకే తగ్గిన మేరకు రోజూ ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లే పోయాలి. చేపలు బయటికి గెంతకుండా తొట్టెపై వల కప్పండి. ఫ్యాన్‌ను మాత్రం పెద్దవాళ్లతోనే గట్టిగా బిగింపించండి.