గీత దాటిన షేరు
రసాయనాల షేర్లలో 'బ్రేకౌట్' కోసం కాచుకునే ట్రేడర్లకు దీపక్ నైట్రైట్ నేర్పిన లెక్కలు

మూడేళ్లు ఒకే గోడకు తల బాదుకున్న షేరు చివరకు ఆ గోడ దాటితే కొనాలా, వద్దా? 2024లో రసాయన కంపెనీల చార్టులు చూసేవారికి ఎదురైన ప్రశ్న ఇదే. గుజరాత్‌కు చెందిన దీపక్ నైట్రైట్ (దీని కర్మాగారాల్లో ఒకటి హైదరాబాద్‌లోనూ ఉంది) షేరు 2020 మార్చిలో రూ. 400 లోపు ఉండేది. 2021 అక్టోబరుకల్లా రూ. 3,000 తాకి వెనుదిరిగింది. తర్వాత రూ. 2,000 దిగువకు కూడా జారింది. 2024లో మెట్టు మెట్టుగా ఎక్కి ఆ పాత శిఖరాన్ని దాటింది. పాఠ్యపుస్తకంలో వేసుకోదగ్గ బొమ్మ.

బొమ్మ నిలవలేదు. 2025 తొలి నెలల్లో షేరు మళ్లీ రూ. 2,000 లోపే.

బ్రేకౌట్ వెనుక ఉన్నది మంత్రం కాదు, మనిషి స్వభావం. శిఖరం దగ్గర కొని ఇరుక్కున్నవారు అసలు చేతికొస్తే చాలని ఎదురుచూస్తుంటారు. ధర అక్కడికి రాగానే అమ్మేస్తారు. ఆ అమ్మకాలన్నింటినీ కొత్త కొనుగోలుదారులు మింగేస్తేనే పైన దారి ఖాళీ అవుతుంది. అందుకే గీత దాటిన రోజు ధర కంటే చేతులు మారిన షేర్ల సంఖ్య ముఖ్యం. అందులో ఎన్ని డెలివరీకి వెళ్లాయన్నది ఇంకా ముఖ్యం. ఒక్క రోజు మెరుపు చాలదు, వారాంతపు ముగింపు కూడా గీతకు పైనే ఉండాలి.

రసాయనాల షేర్లకు మరో తిరకాసు ఉంది. సబ్బుల కంపెనీ లాభం కాస్త అటూ ఇటూగా ఊహించవచ్చు. ఫినాల్ కంపెనీది అలా కాదు. దీపక్ 2018లో దహేజ్‌లో ప్రారంభించిన ప్లాంటు ఏటా 2 లక్షల టన్నుల ఫినాల్, 1.2 లక్షల టన్నుల ఎసిటోన్ తయారుచేసే సామర్థ్యంతో మొదలైంది. వీటి ముడిసరుకు బెంజీన్, ప్రొపిలీన్. కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడాయే లాభం. ముడిచమురు కదిలినా, చైనా సరకు గుమ్మరించినా ఆ తేడా కుంచించుకుపోతుంది. 2024 డిసెంబరుతో ముగిసిన త్రైమాసికంలో దీపక్ లాభం ఏడాది కిందటితో పోలిస్తే దాదాపు సగానికి పడిపోయింది. ఆ ఫలితాలు 2025 ఫిబ్రవరిలో వెలువడ్డాయి. షేరు అంతకుముందే బాగా దిగివచ్చింది. చార్టును నమ్మి కొన్నవారు దిగిపొమ్మని అదే చార్టు చెప్పినప్పుడు వినాలి కదా.

చాలామంది వినరు. వారం కోసం కొన్నది నష్టంలో పడగానే 'దీర్ఘకాలిక పెట్టుబడి' అవతారమెత్తుతుంది. రూ. 2 లక్షలున్న ట్రేడరు రూ. 3,050 దగ్గర కొని రూ. 2,900 వద్ద స్టాప్‌లాస్ పెట్టాడనుకుందాం. ఒక్క ట్రేడులో మూలధనంలో 1 శాతానికి మించి పోగొట్టుకోకూడదంటే 13 షేర్లు కొనాలి. పోతే పోయేది రూ. 1,950. గీత దాటిందన్న ఉత్సాహంలో ఉన్నదంతా పెట్టి 65 షేర్లు కొని, స్టాప్‌లాస్ మరిచిపోయి, రూ. 1,900 దాకా పట్టుకు కూర్చుంటే నష్టం రూ. 74,750.

ఈ తేడా కుర్రకారుకు మరీ అవసరం. నగదు విభాగంలో ఇంట్రాడే ట్రేడింగ్ చేసిన ప్రతి 10 మందిలో ఏడుగురు 2022-23లో నష్టపోయారని 2024 జులైలో సెబీ అధ్యయనం తేల్చింది. ఆ ట్రేడర్లలో 30 ఏళ్లలోపువారి వాటా 2018-19లో 18 శాతం, 2022-23లో 48 శాతం. గెలిచినవారికీ పూర్తిగా మిగలదు. ఏడాదిలోపు అమ్మితే వచ్చే లాభంపై పన్నును 2024 జులైలో 15 నుంచి 20 శాతానికి పెంచారు.

స్టాప్‌లాస్ కూడా కంచుకోట కాదు. ఫలితాలు చేదుగా ఉంటే మర్నాడు షేరు ఆ గీతకు ఎంతో దిగువనే తెరుచుకోవచ్చు. అందుకే అనుభవజ్ఞులు ఫలితాల తేదీ ముందురోజు ఆ 13 షేర్లను కూడా తగ్గించుకుంటారు.