నఖల్ ఖిల్లా: బండను కదిలించని మేస్త్రీలు

పోయిన ఎపిసోడ్‌లో ఒమన్ నఖల్ కోట గురించి చెప్తుంటే టైం అయిపోయింది. మిగిలింది ఇక్కడ రాస్తున్న.

మనమైతే సైట్ చేతికి రాగానే జేసీబీ పెట్టి లెవల్ చేస్తం. వీళ్లు బండను ముట్టలేదు. బండ ఎట్ల వంగితే గోడ అట్ల వంగింది, అందుకే ఈ కోట చదరంగా ఉండదు. పునాది పని మిగిలింది. కింద సొరంగం తవ్వి గోడ కూల్చే దారి శత్రువుకు లేకుండ పోయింది.

సిమెంట్ లేని రోజులు కదా, వాడింది సరూజ్. బంకమట్టిని కాల్చి, దంచి, సున్నంలో కలుపుతరు. మన పాత మేస్త్రీలు ఇటుక పొడి కలిపినట్టే. నీళ్లకు గట్టిగ నిలుస్తది, ఫలజ్ కాలువలకూ ఇదే వాడిండ్రు.

ఖర్జూరం గది చూడకుండ రావద్దు. ఇక్కడి కోటల్లో ఆ గది నేలకు గాడులు ఉంటయి. బస్తాలు పేరిస్తే బరువుకు పాకం కారి కుండలోకి పోతది. తిననీకి అదే, శత్రువు తలుపు దాకా వస్తే మరగబెట్టి పైనుంచి పోయనీకి అదే.

బురుజు మీద పిట్టగోడ కొన్ని చోట్ల తక్కువ ఎత్తు. నాతో వచ్చిన తమ్ముడు సెల్ఫీ కోసం ఎక్కబోయిండు. ఆరు రోజులు హార్నెస్ లేకుండ ఎక్కనియ్యనోణ్ని, శుక్రవారం ఇడుస్తనా? చెయ్యి పట్టి గుంజిన. గంటసేపు మాట్లాడలే. దగ్గర్లోనే థవారా వేడినీటి ఊట ఉంది, అండ్ల కాళ్లు పెట్టినంక నవ్విండు.

బతాకా జేబులో పెట్టుకోండి, బూట్లు ఏసుకోండి. ఎండకాలంలో మాత్రం వద్దు.